నిప్పుకు ఓర్చే రాయి: ‘బలపం’, ‘రాచ్చిప్ప’ పదాల అర్థం, పుట్టుక

వ్యాససంగ్రహం

నిప్పుతో సంబంధమున్న రాతిపేర్లు తెలుగులో పలు ఉన్నాయి. నిప్పునిచ్చే రాయికి, నిప్పునుండి పుట్టిన రాయికి, నిప్పులో కాలని రాతినారకు వేర్వేరు పేర్లున్నాయి. మంటమీద పెట్టినా పగలక, వంటపాత్రగా ఉపయోగపడే మెత్తని రాయికి మాత్రం తెలుగువారు వేడిని సూచించే పేరు పెట్టలేదు. ఆ రాతితో రాసినప్పుడు ‘బలపం’ అన్నారు. దానిని తొలిచి పాత్రగా మలచినప్పుడు ‘రాచ్చిప్ప’ అన్నారు. ఈ రెండు పదాల నిర్మాణం, మూలం, అర్థపరిణామం ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు రాతినేల, తెలుగు కన్నడాల సాంగత్యం ఈ పరిశీలనకు నేపథ్యం. ‘బలపపురాయి’ అనే పాత పేరును శాస్త్రవ్యవహారంలో నిలుపుకోవలసిన అవసరాన్ని వ్యాసం చివర నిరూపిస్తుంది.

కీలకపదాలు: బలపం, బలపపురాయి, రాచ్చిప్ప, రాతినార, అర్థసంకోచం, ఔపవిభక్తికం, టాల్కు, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువుకు పేరు పెట్టేటప్పుడు భాష దాని గుణాలన్నింటినీ చెప్పదు. వాడుకకు పనికివచ్చే ఒక గుణాన్ని ఎంచుకొని దాన్నే పేరుగా నిలుపుతుంది. మిగిలిన గుణాలు ఆ పేరులో వినిపించకపోయినా వాడేవారి అనుభవంలో ఉంటాయి. వాడుక తగ్గినప్పుడు ఆ అనుభవం మరుగవుతుంది, పేరు మాత్రం మిగులుతుంది. ‘బలపం’ అనే మాటకు అదే జరిగింది. నేడు బలపమంటే పిల్లలు పలకమీద రాసే పుల్ల. నిఘంటువులలో మాత్రం ఈ మాటకు మెత్తని రాయి అని, ఆ రాతితో చేసిన రాతపుల్ల అని రెండర్థాలు కనిపిస్తాయి. మొదటి అర్థం మరుగైనందువల్ల, ఆ రాతితో చేసిన వంటపాత్ర నేడు తెలుగు అంగళ్లలోకి ‘సోప్‌స్టోన్’ అనే ఇంగ్లీషు పేరుతో తిరిగి వస్తున్నది. పాఠ్యరచనలో దానికి ‘సబ్బురాయి’ అనే మాటకు మాట అనువాదం ఏర్పడింది. సొంత పేరున్న వస్తువుకు అరువుపేరు ఎందుకు అవసరమయిందో తెలియాలంటే ఆ సొంత పేరు పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించాలి.

2. ప్రాంతం: మంటకు పగిలే బండ, సున్నమయ్యే రాయి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 1882లో ఏర్పడిన అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఇది ప్రధానంగా గ్రానైటు, నైస్ శిలల నేల. 1565 తరువాత విజయనగర పాలకులకు రాజధాని అయిన పెనుకొండ పేరులోనే ‘పెను’ కొండ ఉంది. హిందూపురానికి చేరువలోని లేపాక్షిలో ఒకే రాతిలో మలచిన నంది, వీరభద్రాలయపు స్తంభాలు ఈ నేలరాతి గట్టితనానికి సాక్ష్యాలు.

ఈ గట్టి రాతికి ఒక బలహీనత ఉంది. అది మంటకు నిలవదు. బండమీద కట్టెల మంటను మెల్లమెల్లగా ముందుకు నడిపితే పైపొర వేడెక్కి, వ్యాకోచించి, కింది రాతినుండి విడిపోతుంది. బెంగళూరు పరిసరాలలో ఈ విధంగా రాతిపలకలు లేపే పద్ధతిని 19వ శతాబ్దం చివర శాస్త్రపత్రికలు కూడ వర్ణించాయి. ఉలి, సుత్తెలతో పాటు మంట కూడ రాతిపనివారికి ఒక పనిముట్టు అయింది.

ఈశాన్యాన తాడిపత్రి వైపు పోతే నేల మారుతుంది. అక్కడ కడప శిలాసముదాయానికి చెందిన సున్నపురాళ్లు, నాపరాళ్లు కనిపిస్తాయి. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి పొడిసున్నం మిగులుతుంది. అంటే ఈ సీమలో విరివిగా దొరికే రెండు రాళ్లలో ఒకటి మంటకు పగులుతుంది, రెండవది మంటలో సున్నమవుతుంది.

ఈ రెంటికీ భిన్నమైన మెత్తని రాయి సన్నని పట్టీలుగా, చిన్న గుట్టలుగా మాత్రమే లభిస్తుంది. బంగారు గనులకు పేరొందిన రామగిరి ధర్మవరానికి పడమరగా ఉంది. రామగిరి శిలాపట్టీ ధార్వార్ కాలపు హరితశిలల కోవలోనిది. ఇటువంటి పట్టీలలో టాల్కు, క్లోరైటు ఖనిజాలు కలిసిన పొరరాళ్లు ఏర్పడటం సాధారణం. తాడిపత్రి ప్రాంతంలోను, కర్నూలు వైపున ముద్దవరం దగ్గర కూడ వేంపల్లె డోలమైటు రాళ్లలో టాల్కు నిక్షేపాలున్నాయి. గట్టిరాతి నేలలో గోటితో గీస్తే గీత పడే రాయి అరుదైనది. అటువంటి అరుదైన వస్తువుకు ప్రత్యేకమైన పేరు పుట్టడం సహజం.

3. నిప్పుతో ముడిపడిన రాతిపేర్లు

తెలుగులో నిప్పును తలపించే రాతిపేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ‘చెకుముకిరాయి’ నిప్పును పుట్టించే రాయి. ‘సూర్యకాంతం’ ఎండ సోకితే నిప్పు కురుస్తుందని కావ్యసంప్రదాయం చెప్పే మణి. ‘అగ్నిశిల’ పాఠ్యగ్రంథాలు కల్పించిన పారిభాషిక పదం. భూగర్భంలోని ద్రవశిల చల్లారగా ఏర్పడిన రాయి అని దాని అర్థం. గ్రానైటు కూడ అగ్నిశిలే. అగ్నినుండి పుట్టిన ఆ రాయే అగ్నికి పగులుతుంది గనుక, ‘అగ్నిశిల’ను నిప్పుకు ఓర్చే రాయిగా పొరబడరాదు. ‘రాతినార’ నిప్పులో కాలని నారకు పేరు. ఆ పేరులోనూ నార ఉన్నదే తప్ప నిప్పు ప్రస్తావన లేదు.

కొలిమిలో, బట్టీలో వాడే ఇటుకలకు ‘అగ్నినిరోధక’, ‘ఉష్ణసహ’ వంటి విశేషణాలు శాస్త్రవ్యవహారంలో ఏర్పడ్డాయి. ఇవి గుణాన్ని చెప్పే విశేషణాలే తప్ప ఒక రాతికి పేర్లు కావు. నిప్పుకు ఓర్చే రాయి పేరును వంటింటిలోను, బడిలోను వెదకాలి.

4. ‘రాయి’, ‘కల్లు’

తెలుగులో రాతికి రెండు పాత మాటలున్నాయి. మొదటిది ‘రాయి’. ప్రాచీన రూపంలో ఇది శకటరేఫంతో ‘ఱాయి’. తమిళ ‘అఱై’, కన్నడ ‘అఱె’ పదాలకు బండ అని అర్థం. వాటితో ఈ మాటకు చుట్టరికముందని ద్రావిడ భాషాశాస్త్రం చెబుతుంది. మొదటి అచ్చు, దాని తరువాతి హల్లు తావులు మారి, అచ్చులు కలిసి దీర్ఘమవడం తెలుగులో తరచుగా జరిగిన మార్పు. తమిళ ‘ఉరల్’కు తెలుగులో ‘రోలు’ సమానం కావడం ఇందుకు చక్కని ఉదాహరణ. రోలు కూడ రాతివస్తువే కావడం విశేషం.

రెండవ మాట ‘కల్లు’. తమిళ కన్నడాలలో రాతికి నేటికీ ఇదే సామాన్యపదం. తెలుగులో విడిమాటగా మరుగైనా సమాసాలలో బతికే ఉంది. వడగల్లు, కల్లుప్పు, ఓరుగల్లు ఇందుకు సాక్ష్యాలు. అనంతపురం సీమలోని గుంతకల్లు వంటి ఊరిపేర్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. కన్నడం ఇంటిమాటగా కూడ వినిపించే హిందూపురం ప్రాంతంలో ‘రాయి’, ‘కల్లు’ రెండూ చెవికి అలవాటైనవే. ఇరుగుపొరుగు భాషలు రాతిపాత్రను ‘కల్’తో పిలవగా తెలుగు ‘రాయి’తో పిలిచింది. ఆ భేదం కింది పరిశీలనకు తోడ్పడుతుంది.

5. ‘రాచ్చిప్ప’: పదనిర్మాణం

‘రాచ్చిప్ప’ అంటే మెత్తని రాతిని తొలిచి చేసిన పాత్ర. ‘రాచిప్ప’, ‘రాతిచిప్ప’ అనే రూపాలు కూడ ఉన్నాయి. ఉత్తరపదమైన ‘చిప్ప’ తెలుగులో విస్తృతమైన అర్థం గలది. ముత్యపుచిప్ప, కొబ్బరిచిప్ప, మోకాలిచిప్ప అనే మాటలన్నింటిలోనూ గుల్లగా, గుంటగా ఉండే ఆకారమే సామాన్యం. కాబట్టి రాతిని గుల్లగా తొలిచిన పాత్ర ‘చిప్ప’ అయింది. మట్టిని చక్రంమీద పెంచి చేసే కుండకు, రాతిని లోపలినుండి తీసివేసి చేసే చిప్పకు పనితనంలో ఉన్న తేడా ఈ మాటలో దాగి ఉంది.

పూర్వపద రూపభేదాలకు వ్యాకరణం సమాధానమిస్తుంది. రాయి శబ్దం ఔపవిభక్తికం. చిన్నయసూరి బాలవ్యాకరణం ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా పేర్కొంటుంది. నేయి ‘నేతి’, గోయి ‘గోతి’, చేయి ‘చేతి’ అయినట్లే రాయి ‘రాతి’ అవుతుంది. ‘రాతిచిప్ప’ను వేగంగా పలికినప్పుడు నడిమి ఇకారం లోపించి, తకారం తరువాతి చకారంగా మారి ‘రాచ్చిప్ప’ ఏర్పడుతుంది. సంస్కృతంలో సత్, చరిత్ర కలిసి ‘సచ్చరిత్ర’ కావడంలోని ధ్వనిమార్పు ఇటువంటిదే. అందుచేత ద్విత్వ చకారం పలుకుబడిలోని అలసత్వం కాదు, లోపించిన ‘తి’కి మిగిలిన గుర్తు.

‘రాచిప్ప’ రూపానికి మరొక దారి కూడ ఉంది. ‘చేయి’ శబ్దం ‘చేతికర్ర’లో ‘చేతి’గాను, ‘చేసంచి’, ‘చేవ్రాలు’ పదాలలో ‘చే’గాను నిలుస్తుంది. అదే పద్ధతిలో ‘రాయి’ కూడ ‘రా’గా కుదించుకొని ‘చిప్ప’తో సమసించవచ్చు. రెండు దారులలోనూ అర్థం ఒక్కటే. ‘రాచబాట’, ‘రాచనగరు’ వంటి మాటలలోని ‘రాచ’తో దీనికి సంబంధం లేదు. ‘రాజుల చిప్ప’ అన్న వివరణకు ‘రాచ్చిప్ప’లోని ద్విత్వం, ‘రాతిచిప్ప’ అనే సమానరూపం రెండూ అడ్డుపడతాయి.

పొరుగు భాషలలో ఇదే భావన సొంత మాటలతో ఏర్పడింది. తమిళంలోను, మలయాళంలోను ‘కల్’కు ‘చట్టి’ చేరింది. కన్నడంలో ‘కల్’కు దోనె వంటి పాత్రను తెలిపే ‘మరిగె’ చేరింది. నాలుగు భాషలూ పాత్రకు ‘రాతిది’ అన్న గుర్తునే పెట్టాయి. వేడికి ఓర్చేది అన్న గుర్తు ఏ భాషా పెట్టలేదు. పొయ్యిమీద పెట్టే పాత్ర అనగానే ఆ గుణం అందులో ఇమిడే ఉంటుంది.

6. ‘బలపం’: మూలం, అర్థసంకోచం

‘బలపం’ వినగానే ‘బలం’ గుర్తుకు రావడం సహజం. ఆ వ్యుత్పత్తి రెండు కారణాలవల్ల నిలవదు. మొదటిది వస్తుస్వభావం. బలపపురాతిలోని ప్రధాన ఖనిజమైన టాల్కు కాఠిన్యమాపకంలో 1వ స్థానంలో ఉంది. అంటే అది ఖనిజాలలో అతి మెత్తనిది. రెండవది ధ్వనిరూపం. కన్నడంలో ఈ మాట మూర్ధన్య ళకారంతో ‘బళప’గా, ఆ రాయి ‘బళపద కల్లు’గా వ్యవహారంలో ఉన్నాయి. సంస్కృత ‘బల’ శబ్దం కన్నడంలో దంత్య లకారంతోనే నిలిచింది. మాట ‘బల’నుండి వచ్చినదైతే కన్నడంలో ళకారానికి తావు లేదు. తెలుగులో ప్రాచీన ళకారం పలుచోట్ల లకారంగా మారింది కాబట్టి ‘బళప’, ‘బలపం’ ఒకే మాటకు రెండు రూపాలని గ్రహించవచ్చు. పదాది నాదాక్షరాలకు వేరు లిపిసంకేతం లేని తమిళంలో ఈ మాట పకారాదిగా ‘పలప్పం’ అని రాస్తారు. మూడు భాషలలోనూ రాయి, రాతపుల్ల అనే రెండర్థాలూ కలిసి ప్రయాణించాయి.

తమిళంలో ఈ రాతికి ‘మాక్కల్’ అనే మరొక పేరుంది. ‘మా’ అంటే పిండి. గీస్తే పిండిగా రాలే రాయి అని అర్థం. ఇందులోనూ పేరు పెట్టడానికి ఆధారమైన గుణం మెత్తదనమే.

మొదట రాతిపేరుగా ఉన్న మాట ఆ రాతితో చేసిన రాతపుల్లకు పేరు కావడం లక్షణావ్యాపారం. పదార్థం పేరు వస్తువుకు రావడం ఇతర భాషలలోనూ ఉంది. లాటిన్‌లో రాయి అని అర్థమున్న ‘లాపిస్’ ఇటాలియన్‌లో పెన్సిలుకు పేరయింది. అదే భాషలో పెన్సిలుకున్న మరొక పేరు ‘మతీత’ హెమటైటు అనే ఎర్రరాతి పేరునుండి వచ్చింది. తెలుగులో మార్పు మరొక మెట్టు ముందుకు సాగింది. పలకకు జతగా ‘పలకాబలపం’ అనే జంటపదం స్థిరపడింది. అక్షరాభ్యాసానికి, బడికి ఆ జంట ప్రతీక అయింది. ఆ తరువాత సుద్దతోను, ఇతర పొడులతోను చేసిన రంగురంగుల పుల్లలు వచ్చినా వాటినీ బలపాలనే అన్నారు. అంటే పేరు రాతిని విడిచి పనిని అంటిపెట్టుకొంది. ‘కాళ్లకు బలపాలు కట్టుకొని తిరగడం’ అనే జాతీయం ఈ మాట ఎంతగా ఇంటిమాట అయిందో చెబుతుంది. చివరకు ‘బలపం ఒక రాయి’ అన్న వాక్యం వింతగా వినిపించే స్థితి వచ్చింది. పదార్థాన్ని, దానితో చేసిన వస్తువును రెంటినీ చెప్పిన మాట ఒక్క వస్తువుకే పరిమితమైంది కాబట్టి ఇది అర్థసంకోచం.

7. గీతకు లొంగే రాయి నిప్పుకు ఎలా ఓరుస్తుంది

మెత్తని రాయి మంటకు నిలవడం, గట్టి రాయి పగలడం పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. దీనికి కారణం రాళ్ల లోపలి కట్టుబాటులో ఉంది. గ్రానైటులో క్వార్ట్జు, ఫెల్స్పారు, అభ్రకం వంటి పలు ఖనిజాలు కలిసి ఉంటాయి. వేడెక్కినప్పుడు ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క మేరకు వ్యాకోచిస్తాయి. క్వార్ట్జు 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్ఫటికరూపం మార్చుకొని ఒక్కసారిగా ఉబ్బుతుంది. పరస్పరం ఒత్తుకొనే గట్టి రేణువుల నడుమ చీలికలు ఏర్పడతాయి.

టాల్కు మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన పొరల ఖనిజం. పొరకు పొరకు నడుమ బంధం చాల బలహీనమైనది. అందుకే వేలికి జిడ్డుగా, నున్నగా తగులుతుంది. పలకమీద రుద్దితే పొరలు జారి గీత పడుతుంది. వేడెక్కినప్పుడు ఆ పొరలే కొద్దిగా సర్దుకొని ఒత్తిడిని భరిస్తాయి. మేలైన బలపపురాతిలో క్వార్ట్జు ఉండదు. రేణువులు సన్నగా ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయి. రాతకు, ఓర్పుకు రెంటికీ మూలం ఆ పొరల నిర్మాణమే. టాల్కు తనలోని నీటిభాగాన్ని కోల్పోవడానికి సుమారు 800 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. పులుసు మరిగే వేడికి ఇది చాల దూరం. అంతటి వేడిమిలో కాల్చినప్పుడు టాల్కు వేరే ఖనిజంగా మారి గట్టిపడుతుంది. సింధు నాగరికతలోని ముద్రలలో అధికభాగం ఈ రాతితో చేసినవే. మెత్తగా ఉన్నప్పుడు చెక్కి, తరువాత కాల్చి గట్టిపరచిన ఆ ముద్రలు ఈ గుణాన్ని మానవులు ఎంత ముందుగా గుర్తించారో తెలుపుతాయి. బేలూరులో 1117లో ప్రతిష్ఠితమైన చెన్నకేశవాలయం, హళేబీడు ఆలయం క్లోరైటు కలిసిన ఈ జాతి రాతితో కట్టినవే. అక్కడి సన్నని చెక్కడానికి రాతి మెత్తదనమే అవకాశమిచ్చింది.

వంటింటిలో ఈ రాతికి మరి రెండు గుణాలు తోడయ్యాయి. ఒకటి వేడిని నిలుపుకోవడం. రాచ్చిప్ప మెల్లగా వేడెక్కుతుంది. దింపిన తరువాత కూడ పులుసు కొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది. రెండవది పులుపుకు లొంగకపోవడం. చింతపండు పులుసు రాగి, ఇత్తడి పాత్రలను కరిగిస్తుంది కాబట్టి వాటికి కళాయి పూత అవసరమవుతుంది. రాచ్చిప్పకు ఆ అవసరం లేదు. పులుసులకు, ఊరగాయలకు ఈ పాత్రను ప్రత్యేకించడానికి ఇదే కారణం.

కొత్త రాచ్చిప్పను నేరుగా మంటమీద పెట్టరు. ఆముదం లేదా మరొక నూనె, పసుపు పట్టించి ఆరబెడతారు. బియ్యం కడిగిన నీళ్లు, వేడి గంజి పోసి కొన్నాళ్లు ఉంచుతారు. తరువాత సన్నని సెగతో మొదలుపెట్టి క్రమంగా అలవాటు చేస్తారు. సన్నని రంధ్రాలలోకి నూనె, పిండిపదార్థం చేరి పాత్ర గట్టిపడుతుంది, తేమ ఒక్కసారిగా ఆవిరై చీల్చే ప్రమాదం తగ్గుతుంది. రాతికి సహజంగా ఉన్న ఓర్పును పాత్రలో నిలిపే విధానమిది. ఓర్పు ఉన్నంత మాత్రాన పెళుసుదనం పోదు. మంటకు నిలిచిన చిప్ప చేజారితే పగులుతుంది.

8. ఇతర భాషలలో ఈ రాతి పేర్లు

ఇతర భాషలు ఈ రాతిలోని ఏ గుణాన్ని పేరుగా ఎంచుకున్నాయో చూస్తే తెలుగు ఎంపిక ప్రత్యేకత తెలుస్తుంది. ఇంగ్లీషు ‘సోప్‌స్టోన్’ స్పర్శను చెబుతుంది. ‘స్టియటైట్’ అనే శాస్త్రనామం కొవ్వును తెలిపే గ్రీకు శబ్దంనుండి వచ్చింది. ‘టాల్కు’ అరబ్బీ ‘తల్క్’కు రూపాంతరం. లాటిన్‌లో దీనికి ‘లాపిస్ ఒల్లారిస్’, అంటే కుండరాయి అని పేరు. ఉత్తరభారతంలో ‘సంగ్ జరాహత్’ అనే పేరుంది. గాయాలకు మందుగా వాడే రాయి అని దాని భావం. ఫిన్నిష్ కూడ వేడిని నేరుగా చెప్పలేదు. ఈ రాతితో ఇండ్లను వెచ్చబరచే పొయ్యిలు కట్టే ఆ దేశంలో దానికి ‘వుఓలుకివి’ అని పేరు. ‘వుఓలు’ చెక్కడం, ‘కివి’ రాయి.  తెలుగు, కన్నడ, తమిళాలలో రాతపని, వంటపాత్ర ప్రధానమయ్యాయి. లాటిన్ ‘కుండరాయి’కి తెలుగు ‘రాచ్చిప్ప’ అతి సమీపమైన భావన. ఒకటి రాతిని కుండతో గుర్తిస్తే, మరొకటి పాత్రను రాతితో గుర్తించింది.

9. పేరు మారితే కలిగే పొరపాట్లు

పాత పేరు మరుగవడం పదసంపదకు నష్టం కలిగించడంతో ఆగదు, వ్యవహారంలోనూ పొరపాట్లకు దారితీస్తుంది. మొదటి పొరపాటు సుద్దతో. బలపమంటే సుద్దపుల్ల అన్న భావన బలపడటంతో బలపపురాతిని ‘సుద్దరాయి’ అనడం కనిపిస్తుంది. సుద్ద, సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలితే అవి నురగలెత్తి కరుగుతాయి. బలపపురాయి పులుపుకు చలించదు. కొత్త పాత్ర చెక్కిన తునకమీద వెనిగర్ చుక్క వేసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. సున్నపురాతి పాత్రను రాచ్చిప్పగా కొన్నవారి పులుసులో రాయి కరుగుతుంది.

బలపాలు తినే అలవాటు, ముఖ్యంగా గర్భిణులలో, తెలుగునాట తెలిసినదే. ఈ కోరిక తరచుగా ఇనుము లోపంతో కలిసి కనిపిస్తుందని వైద్యశాస్త్రం చెబుతుంది. నేటి బలపం రాయో, సుద్దో, మరొక పొడో పేరునుబట్టి తెలియదు కాబట్టి ఆ అలవాటులోని ప్రమాదం మరింత పెరుగుతుంది.

రెండవ పొరపాటు మరింత తీవ్రమైనది. అది రాతినారతో. రాతినార, టాల్కు రెండూ మెగ్నీషియం గల ఖనిజాలు, రెండూ వేడికి నిలుస్తాయి. తాడిపత్రి వైపున టాల్కు ఉన్న వేంపల్లె డోలమైటు కోవలోనే, పులివెందుల ప్రాంతంలో రాతినార ఏర్పడింది. డోలమైటు పొరల నడుమకు చొరబడిన వేడి శిలాద్రవం ప్రభావమే ఈ మార్పులకు మూలం. పుట్టుకలో ఇంత చేరువైనా మనిషి శరీరంపై వాటి ప్రభావం ఒక్కటి కాదు. రాతినార సన్నని పోగులుగా చీలి గాలిలో తేలుతుంది. అన్ని రకాల రాతినారలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సరు కారకాలుగా నిర్ధారించింది. టాల్కు పొరలుగా చీలుతుంది. దానిని ఆ సంస్థ 2024లో ‘బహుశా క్యాన్సరు కారకం’ అనే వర్గంలో చేర్చింది. రాతినార కలిసిన టాల్కును రాతినారతో సమానంగానే పరిగణిస్తారు. కాబట్టి ఈ రాళ్లను కోసే, చెక్కే, పొడిచేసే పనివారికి ధూళినుండి రక్షణ అవసరం. రెంటినీ కలిపి ‘వేడిని తట్టుకొనే రాయి’ అని ఒకే మాటతో చెబితే ఈ భేదం మరుగవుతుంది. ఒకటి నారగా చీలుతుందని ‘రాతినార’ అనే పేరే చెబుతున్నది. మరొకటి పొడిగా రాలి గీత పడుతుందని ‘బలపం’ చెబుతున్నది. పాత పేర్లు రెండూ ఆ భేదాన్ని తమలోనే నిలుపుకొన్నాయి.

పారిభాషిక పదాల ఎంపికలో ఈ సంగతి గమనించదగినది. ‘సబ్బురాయి’ ఇంగ్లీషు మాటకు నీడ. ఆ రాయి సబ్బులా నురగనివ్వదు, శుభ్రపరచదు. ‘అగ్నిశిల’ ఇదివరకే మరొక అర్థంలో స్థిరపడింది. ‘బలపపురాయి’ అన్నప్పుడు ‘రాయి’ శబ్దం చేరడంవల్ల రాతపుల్లతో సందేహం ఉండదు. కన్నడ ‘బళపద కల్లు’ ఇదే నిర్మాణంతో నేటికీ ఆలయశిల్పాల వర్ణనలలో వాడుకలో ఉంది. ఖనిజానికి ‘టాల్కు’, రాతికి ‘బలపపురాయి’, పాత్రకు ‘రాచ్చిప్ప’, పోగుల ఖనిజానికి ‘రాతినార’ అని నాలుగింటిని వేరుగా నిలిపితే పాఠ్యరచనలోను, వార్తలలోను అయోమయానికి తావుండదు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ‘రాచ్చిప్ప’ ‘రాతిచిప్ప’నుండి ఏర్పడిన రూపం, ద్విత్వ చకారం అందుకు సాక్ష్యం. ‘బలపం’ సంస్కృత ‘బల’ శబ్దజన్యం కాదు, కన్నడ ‘బళప’లోని ళకారం ఆ వ్యుత్పత్తిని నిరాకరిస్తుంది. ఈ మాట రాతినుండి రాతపుల్లకు, రాతపుల్లనుండి ఏ పదార్థంతోనైనా చేసిన పుల్లకు జరిగింది. వేడికి ఓర్చే గుణం ఈ పేర్లలో పైకి కనిపించకపోయినా, మెత్తదనం, ఓర్పు ఒకే పొరల నిర్మాణంనుండి వచ్చినవి కాబట్టి, మెత్తదనాన్ని గుర్తించిన పేరు ఆ రాతి స్వభావాన్ని సరిగానే పట్టుకొంది.

బలపపురాతి రెండు గుణాలూ కలిసి కనిపించే తావు నేడు కూడ ఒకటుంది. ఇనుము కోసేవారు, వెల్డింగు చేసేవారు లోహంమీద కొలత గీతలు గీయడానికి ఈ రాతిపుల్లనే వాడతారు. మామూలు గీత మంటకు చెరిగిపోయే చోట బలపపు గీత నిలుస్తుంది. పలకమీద తడిగుడ్డకు చెరిగే గీత, ఇనుముమీద మంటకు చెరగని గీత రెండూ ఒక రాతివే. ఆ రాతికి తెలుగులో పేరు ముందునుండీ ఉంది.